పెద్ద కొర్రమీను తగలట్లేదా? చిన్న కుంటల్లో రబ్బరు పురుగుతో వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

బాస్ చేప మన చెరువుల్లో లేదు. ఫోన్లో కనిపించే వీడియోల్లో అమెరికావాళ్లు చిన్న కుంట గట్టున నిలబడి మెత్తటి ప్లాస్టిక్ పురుగుతో పట్టేది లార్జ్‌మౌత్ బాస్‌ని. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రాన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన అలాంటి పురుగును తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక అక్కడ బాస్ వేటే మారిపోయింది. మన అనంతపురం కుంటల్లో అదే పురుగు కొర్రమీనుకు పనికొస్తుంది, ఎందుకంటే రెండూ చెత్తలో నక్కి, ఎదురుగా వచ్చినదాన్ని గబుక్కున పట్టే జాతులే. అయితే కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, దాని పళ్లు పదును, నోరు గట్టి ఎముక. వీడియోలో చూసింది చూసినట్టు చేస్తే ఈ మూడింటి దగ్గరే బోల్తా పడతాం.

ముందే ఒక మాట. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సంఘానిదో, వేలంపాట పాడుకున్నవాళ్లదో అయివుంటుంది. అడిగితే సాధారణంగా కాదనరు. అడక్కుండా దిగితే మాత్రం మాట పడాల్సి వస్తుంది.

"పావుకిలోవే పడుతున్నాయి, కిలో దాటినది ఒక్కటీ రాదు"

ఈ మాట అనేవాళ్లు ఎక్కువగా చేసే పని పురుగు రంగు మార్చడం. నలుపు, ఊదా, ఆకుపచ్చ, మెరుపుల ప్యాకెట్... డబ్బులు అయిపోతాయి, చేప సైజు మాత్రం మారదు. నా లెక్కలో రంగు చివరి సంగతి. ముందు చూడాల్సింది మీరు ఎక్కడ వేస్తున్నారు, అక్కడికి ఎలా నడిచి వెళ్లారు అన్నది.

చిన్న కుంటలో పెద్ద చేపకు నచ్చే చోట్లు రెండో మూడో ఉంటాయి. తూము ముందర గుంత, మరవ పక్కన నీడ, నీళ్లలో మునిగిన కంపచెట్టు మొదలు, జమ్ము లోపలికి వంపు తిరిగిన మూల. ఆ చోటును ఉన్నవాటిలో పెద్దది ఆక్రమిస్తుంది. చిన్నవి దాని నోటికి దూరంగా, ఖాళీ అంచుల్లో తిరుగుతుంటాయి. మనం ఎర చిక్కుకుంటుందని భయపడి ఖాళీ నీళ్లలోనే వేస్తాం కాబట్టి చిన్నవే పడతాయి. ఎర పోతుందేమో అనిపించే చోటే వేయాలి. అందుకే గాలపు ముల్లు మొన పురుగులోంచి బయటకు రాకుండా గుచ్చే పద్ధతి వచ్చింది. దాని సంగతి కింద చెప్తాను.

రెండోది నడక. ఎండిన కట్ట మీద చెప్పులు వేసుకుని దబదబా నడిస్తే ఆ అదురు నీళ్లలోకి పోతుంది, చేప ఒంటి పక్కనున్న గీత దాన్ని పసిగడుతుంది. బండిని కట్ట మీదికి ఎక్కించకండి, కింద చెట్టు దగ్గరే ఆపండి. నీటి అంచుకు ఎనిమిది పది అడుగుల దూరంలోనే ఆగి, మీ నీడ నీళ్ల మీద పడకుండా చూసుకుని, మొదటి విసురు అంచు వెంబడే వేయండి. చాలామంది నేరుగా అంచుకు వెళ్లి నడి కుంటలోకి విసురుతారు, కాళ్ల దగ్గరున్న పెద్దది అప్పటికే జారుకుని ఉంటుంది. మంచి మూలకు మొదటి విసురే అసలుది. అది సరిగ్గా పడకపోతే ఆ మూలను ఓ గంట వదిలేసి తర్వాత రండి.

మూడోది వేగం. పురుగును ఆపకుండా చుట్టేస్తే ఉరికి వచ్చేవి పిల్లలే. పెద్దది అంత కష్టపడదు. పురుగును అడుక్కి జారనివ్వండి, పది అంకెలు లెక్కపెట్టండి, గాలపు కర్ర కొనను జానెడు ఎత్తి మళ్లీ వదలండి. విసుగు పుట్టేంత నిదానంగా ఉండాలి. పురుగు పొడవు కూడా నాలుగు అంగుళాల నుంచి ఆరేడు అంగుళాలకు మార్చండి. చిన్నవి తగ్గిపోతాయి, అసలేమీ పడని పూటలు పెరుగుతాయి, అది ఒప్పుకునే దిగాలి.

వేళ సంగతి అందరికీ తెలిసిందే, తెల్లవారుజామున, పొద్దు వాలాక, మబ్బు పట్టిన రోజున. మార్చి దాటాక మధ్యాహ్నం కుంట దగ్గర నిలబడితే మన తల మాడటం తప్ప లాభం లేదు.

"కొడుతోంది, లాగితే ఖాళీ"

పురుగును చేతిలోకి తీసుకుని చూడండి. సగం జవాబు దాని మీదే ఉంటుంది.

తోక మాత్రమే తెగివుంటే చిన్న చేప కొరికింది, లేదా ముల్లు తలకు మరీ దగ్గరగా ఉంది. పురుగు తలవైపు ఓ అంగుళం తుంచేస్తే ముల్లు వెనక్కి వస్తుంది. అలా కాకుండా నడుము మీద రెండు వైపులా పంటి గాట్లు పడి, ముల్లు మొన ఇంకా రబ్బరులోనే ఉంటే, చేప గట్టిగానే పట్టింది, మీ లాగుడుకు మొన బయటికి రాలేదన్నమాట. రబ్బరు మందం ఎక్కువైంది, లేదా మొన మొద్దుబారింది. బొటనవేలి గోటి మీద మొన ఆనించి మెల్లగా లాగండి. గోటిని పట్టుకుంటే బాగున్నట్టు, జారితే ఆకురాయి మీద రుద్దాలి. మందం సమస్య అయితే మొనను పురుగులోంచి పూర్తిగా అవతలికి దాటించి, పైపొరలోకి మాత్రం బియ్యపుగింజంత గుచ్చండి. చెత్త తగలదు, చేప పట్టగానే బయటపడుతుంది.

గాట్లు ఉన్నా మొన బాగానే ఉంటే తప్పు తొందరపాటుది. బాస్ నోరు తెరిచి నీళ్లతో సహా ఎరను లోపలికి పీల్చేస్తుంది, అందుకే ఆ వీడియోల్లో తగలగానే లాగమంటారు. కొర్రమీను చాలాసార్లు మధ్యలో కరిచిపట్టి పక్కకు తిరిగి, ఆ తర్వాత మింగుతుంది. 'టప్' అనగానే కర్రను ముందుకు వంచి, దారం ఏదో ఒక వైపు కదలడం కంటితో చూసి, వదులును చుట్టేసి అప్పుడు గట్టిగా లాగండి. మరీ ఆగితే గొంతు దాకా మింగుతుంది, వదిలేద్దామనుకున్న చేప చస్తుంది.

"పురుగు గిరగిరా తిరుగుతోంది, దారమంతా మెలికలు"

గుచ్చడం వంకరగా ఉంది. మెడ దగ్గర వంపున్న ఆఫ్‌సెట్ ముల్లు, 3/0 లేదా 4/0 సైజుది తీసుకోండి. తల మధ్యలోంచి పావు అంగుళం దూర్చి పక్కకు తీసి, ముల్లు కన్ను తలలోకి వచ్చేదాకా లాగి, అర తిప్పు తిప్పండి. ఇప్పుడు పురుగును ముల్లు పక్కన నిటారుగా వేలాడదీసి, వంపు ఎక్కడికి వస్తోందో అక్కడ గోటితో నొక్కి గుర్తు పెట్టుకుని, సరిగ్గా అక్కడే మొనను దూర్చండి. గుర్తుకు అటో ఇటో పోతే పురుగు సాగడమో ముడుచుకోవడమో జరుగుతుంది, నీళ్లలో ఫ్యాను రెక్కలా తిరుగుతుంది.

"ప్రతిసారీ నాచులోనో కంపలోనో చిక్కుతుంది"

సీసం గుండు బరువు ఎక్కువ. చిన్న కుంటకు మూడు నుంచి అయిదు గ్రాములు చాలు. గుర్రపుడెక్క సందుల్లో అయితే గుండే వద్దు, పురుగు తన బరువుతోనే దిగనివ్వండి. గుండు పురుగుకు దూరంగా జారి కొమ్మకు అటొకటి ఇటొకటి వేలాడుతోందా? గుండు రంధ్రంలో అగ్గిపుల్ల చీలిక దూర్చి విరిచేయండి, కదలదు. చిక్కిన ఎర కోసం నీళ్లలోకి దిగొద్దు. కంప ముళ్లు, అడుగున ఊబి. ఎర ధర ఎంతని?

"తగిలింది, తెంపుకుని పోయింది"

దారం కొస చూడండి. గరుగ్గా పీచులు లేస్తే రాయి కోసింది. మన పాత చెరువుల కట్టలకు లోపలివైపు రాతి పేర్పు ఉంటుంది. పోరుమామిళ్ల చెరువు సంగతే చూడండి, రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లతో రెండేళ్లు పని జరిగిందని 1369 నాటి శాసనం చెబుతుంది. రాళ్ల మోత అంత పెద్దది. అలాంటి పేర్పు మీద సన్నని బ్రెయిడ్, అంటే పోగులు అల్లిన దారం, ఒరిస్తే క్షణంలో తెగుతుంది. దారానికి ఎర వైపు రెండడుగులు మందపాటి నైలాన్ కలపండి, చేపను రాళ్ల మీదుగా ఈడ్వకుండా పక్కనున్న మట్టి రేవు వైపు తిప్పండి.

కొస సుడి తిరిగి పందితోకలా ఉంటే ముడి జారింది. బ్రెయిడ్‌కు పాలోమార్ ముడి వేయండి. దారాన్ని మడిచి ముల్లు కంట్లో దూర్చి, మామూలు ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి ముల్లును దాటించి, ఉమ్మితో తడిపి బిగించాలి. చెత్తలో పెద్దదాని కోసం 30 నుంచి 40 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ ఉండాలి. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు రీలు దారం వదిలే బిగువు, బాగా బిగించి మొదటి లాగుడులోనే తలను చెత్త బయటికి తిప్పాలి, ఖాళీ నీళ్లలోకి వచ్చాక కాస్త వదులు చేసుకోవచ్చు.

"గాలికి తగిలిందో లేదో తెలియట్లేదు"

ఆషాఢంలో మన వైపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. దారం విల్లులా వంగిపోతే స్పర్శ చేతికి రాదు. గాలి వీపుకు తగిలేలా నిలబడి, కర్ర కొన నీటి దగ్గరికి దించి, ఆ రోజుకు ఏడు గ్రాముల గుండు వాడండి.

"కళ్ల ముందే పైకి తేలుతుంది, ఎర ముట్టదు"

అది మేతకు కాదు, గాలికి వచ్చింది. గుటక మింగి కిందికి పోయేటప్పుడు నెత్తిన ఎర పడితే బెదురుతుంది. తేలిన చోటుకు మూడు నాలుగడుగులు అవతల వేసి, నెమ్మదిగా ఆ పక్కగా తీసుకురండి. ఒకే చోట మళ్లీ మళ్లీ తేలుతుంటే అది దాని ఇల్లే, ఓపిక పట్టండి.

నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు ఉడుకుతున్నట్టు కదులుతుంటే మాత్రం విసరకండి. వానల కాలంలో తల్లీతండ్రీ రెండూ ఆ గుంపును కాస్తుంటాయి, పిల్లల దగ్గరికి ఏది వచ్చినా కొడతాయి. పెద్ద చేప ఖాయంగా పడుతుంది, నిజమే. కానీ కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలు, కొంగలు ఒక పూటలో ఖాళీ చేస్తాయి. అలా పట్టిన ఫొటోను నేనైతే మెచ్చుకోను.

"వాన పడ్డాక నీళ్లు ఎర్రబారి ఏదీ పడట్లేదు"

రంగుకు పని ఉన్న రోజు ఇదొక్కటే. నలుపు లేదా ముదురు ఊదా, లావుపాటి పురుగు, అంచుకు దగ్గరగా.

"పురుగులన్నీ వంకరపోయాయి, ఒకదానికొకటి అంటుకున్నాయి"

బండి డిక్కీలో ఎండకు వదిలేస్తే అంతే. వంకరవి వేడినీళ్లలో కాసేపు ముంచి, నిటారుగా పరిచి చల్లారనిస్తే సర్దుకుంటాయి. అంటుకుని రంగులు కలిసినవి బాగుపడవు. వేర్వేరు రకాలను ఒకే డబ్బాలో పోయకండి, కొన్ని డబ్బా ప్లాస్టిక్‌నే కరిగిస్తాయి. దేని ప్యాకెట్లో దాన్ని ఉంచండి. తెగిన ముక్కలు కుంటలో వేయొద్దు, అవి కుళ్లవు. జేబులో వేసుకొచ్చి చెత్తబుట్టలో పడేయండి.