ఓడ రెయిలింగ్ నేర్చుకుందాం - 3: వంచడం, అతికించడం

మన ప్లాస్టిక్ ఓడ మోడల్ కోసం పోయినసారి చెప్పినట్టు ఇత్తడి రేకులోంచి రెయిలింగ్ ముక్కలు కోసుకున్నారు కదా. మెత్తటి మ్యాట్ మీద కాకుండా గ్లాసు ముక్క మీదే పెట్టి కోశారనుకుంటున్నా, లేకపోతే ఈపాటికే వంకరలు తిరిగుంటాయి.

వంచేముందు చిన్న లెక్క. జపాన్ యుద్ధనౌక యమాటో అసలు పొడవు 263 మీటర్లు, 1/700లో, అంటే అసలుకు 700వ వంతు మోడల్‌లో, 37.6 సెంటీమీటర్లకు వస్తుంది. రెయిలింగ్ మీటరు ఎత్తనుకుంటే మోడల్ మీద 1.4 మిల్లీమీటర్లు. రేకు మందం 0.1 మి.మీ. ఉందనుకోండి, అబ్బ ఎంత సన్నగుందో అనిపిస్తది గానీ 700తో గుణిస్తే 7 సెంటీమీటర్ల కడ్డీ. అంటే రేకే కాస్త లావు, దాని మీద మనం గమ్ము ఉండ పెడతాం. అర మిల్లీమీటరు ఉండ అంటే ఓడ మీద 35 సెంటీమీటర్లు, నడిచే సెయిలర్‌కు పిక్క దాకా వస్తుంది! నా మొదటి ఓడ ఫోటో తీసి పెద్దగా చేసి చూస్తే డెక్ అంచంతా బండరాళ్లు పేర్చినట్టే ఉంది.

సరే, వంచుడు. ముందు సన్నని కాగితం పట్టీని డెక్ అంచు వెంబడి పెట్టి, మలుపు ఎక్కడొస్తే అక్కడ పెన్సిల్ గీత పెట్టండి. ఆ గీతల ప్రకారమే రెయిలింగ్ వంచాలి, కంటి అంచనాతో కాదు. ముక్కుసన్నపు పట్టకారుతో స్తంభం దగ్గరే పట్టి వంచండి, రెండు స్తంభాల మధ్య పడితే అడ్డ తీగ నలుగుతుంది. గుండ్రటి గన్ ప్లాట్‌ఫామ్ అయితే పెన్ను రీఫిల్ చుట్టూ తిప్పితే సరిపోతుంది.

ఎంత తిప్పినా మళ్లీ లేస్తోందా? అప్పుడు కాల్చాలి. ఈ కిటుకు మా గల్లీలో ఉండే అవుసలాయన (కంసాలి) దగ్గర నేర్చుకున్నా. వరంగల్ చౌరస్తా నుంచి ఆయన ఇల్లు పది నిమిషాలు. నా ముక్కను చూసి నవ్వి, "గట్టిగ ఒత్తితే ఇంటదా బిడ్డా, జర కాల్చి సల్లారనియ్యి, గప్పుడు నీ మాట ఇంటది" అన్నాడు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ పని చేసేవాళ్లకు ఇది కొత్తేం కాదు, మనం కిట్లు చేసేవాళ్లమే దీన్నేదో విదేశీ టెక్నిక్ అనుకుంటాం. గ్యాస్ మంట అంచున రంగు మారేంతవరకే చూపండి, ఒక్క క్షణం ఎక్కువైతే ఇంత సన్నని రేకు కరిగి ముద్దవుతుంది. అయితే అన్నీ కాల్చొద్దు. కాల్చిన ముక్క మెత్తబడి తర్వాత వేలు తగిలినా వాలిపోతుంది, అందుకే తిన్నగా పోయే పొడుగు ముక్కలను అలాగే వదిలేయండి.

అతికించడానికి ముందు ఫెవికాల్, తర్వాత సూపర్ గ్లూ. సూదిమొనతో రెండు మూడు స్తంభాల కింద మాత్రమే ఫెవికాల్ చుక్క పెడితే అటూ ఇటూ జరుపుకునే టైం దొరుకుతుంది. ఆరాక పలచని సూపర్ గ్లూను అదే సూదితో తాకిస్తే సందులోకి తనే పాకిపోతుంది. పొరపాటైతే మాత్రం మా అక్క దగ్గర నేను తెచ్చినట్టు నెయిల్ పాలిష్ రిమూవర్ తేకండి. గమ్ముతో పాటు ప్లాస్టిక్ డెక్ కూడా కరిగింది, వారం పట్టింది బాగు చేయడానికి.

ఈ వారం అసలు ముక్కలు ముట్టుకోకుండా, రేకు చుట్టూ మిగిలిన చట్రం కోసి పాత డబ్బా మూత అంచుకు అతికించి చూడండి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దగా చేసినప్పుడు ఉండలు కనబడకపోతే ఓడ మీదికి రండి.

నాలుగో భాగంలో ప్లాస్టిక్ గన్ గొట్టాలు కోసేసి లేత్ మీద తీసిన ఇత్తడివి బిగిద్దాం. 0.5 మి.మీ. డ్రిల్ బిట్లు తెచ్చి పెట్టుకోండి, రెండు తెండి, మొదటిది విరుగుతుంది.