ఘాట్ ఎక్కితే హీటు, దిగితే బ్రేకు: కొరాపుట్ దారిలో కారు పెట్టే పేచీలు

సాలూరు దాటి సుంకి ఘాట్ మొదలయ్యాక కారు గుట్టు బయటపడుతుంది. కింద విజయనగరం రోడ్ల మీద నెలల తరబడి కిక్కురుమనని బండి, ఒడిశాలో సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్ చేరేలోగా ఏదో ఒక పేచీ పెడుతుంది. జయపురం, సునాబెడ, సెమిలిగుడల్లో ఉన్న మనవాళ్లకి పెళ్లికైనా ఆస్పత్రికైనా ఈ 26వ నంబరు హైవేనే దిక్కు. నన్నడిగితే ఘాట్ కొత్త జబ్బేమీ తేదు, మనం పట్టించుకోని పాతదాన్నే బయటికి లాగుతుంది. అందుకే కారణం దొరక్కుండా పార్టు మార్చకూడదు. "మార్చేద్దాం సార్" అనే మెకానిక్ కన్నా "ఒకసారి ఇప్పి చూద్దాం అన్నా" అనేవాడి దగ్గరికే నేను వెళ్తాను.

టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది

ఎప్పుడు లేస్తోందో ముందు గమనించండి. ఆగి ఉన్నప్పుడు హీటెక్కి, బండి కదలగానే తగ్గితే ఫ్యాన్‌ని అనుమానించాలి. ఏసీ వేసి బానెట్ ఎత్తండి. చాలా కార్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ రెండూ బాగుంటేనే మోటారు.

చదును రోడ్డు మీద బాగుండి ఎక్కుడులోనే హీటెక్కితే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) లెవెల్, ఆ తర్వాత రేడియేటర్ చూడాలి. మన వైపు ఎర్రమట్టి దుమ్ము తెలిసిందే. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉన్న సందులో ఆ దుమ్ము, పురుగులు కలిసి అట్ట కట్టేస్తాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజిన్ చల్లారాక, ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ కుర్రాడు ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలన్నీ వంగిపోతాయి, ఉన్న గాలి కూడా ఆడదు.

నేను వెళ్లే షెడ్డులో మెకానిక్ స్కానర్ జోలికి పోకముందే హోసులు పట్టి చూస్తాడు. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఆపించి, గుడ్డ చుట్టిన చేత్తో రేడియేటర్ పై హోసు, ఆ తర్వాత కింది హోసు. పైది కాలిపోతూ కిందిది చల్లగా ఉంటే లోపల నీళ్లు తిరగడం లేదన్నమాట. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు) ఇరుక్కుని ఉండాలి, రేడియేటర్ లోపల పూడుకుని ఉండాలి, లేదా వాటర్ పంపు పోయి ఉండాలి. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండైతే చాలాసార్లు రెండోదే.

థర్మోస్టాట్ పోయిందని తేలితే కొత్తది వేయించండి. "మన ఎండలకి అదెందుకు సార్, తీసేద్దాం" అనే సలహా మాత్రం వినొద్దు. డిసెంబరులో కొరాపుట్ చలికి ఇంజిన్ సరిగా వేడెక్కదు, మైలేజీ పడిపోతుంది.

రేడియేటర్ మూతని ఎవరూ పట్టించుకోరు. సుమారు 870 మీటర్ల ఎత్తున మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత ఒక బార్ దాకా ప్రెషర్ పట్టి ఉంచితే 120 దగ్గరికి వెళ్తేగానీ మరగవు. దాని రబ్బరు వాషర్ ఎండిపోతే ప్రెషర్ నిలవదు. చవకైన వస్తువు, ముందు అది మార్చి చూడండి.

కింద ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతోందంటే కాస్త టెన్షన్ పడాల్సిందే. తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, డిప్ స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) మీద ఆయిల్ పాల టీ రంగులో ఉంటే, ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. అయితే చలికాలంలో దగ్గర దగ్గర తిరుగుళ్లకే వాడే బండికి ఆయిల్ మూత లోపల కొంచెం తెల్లటి నురగ పట్టడం మామూలే. మూత చూసి హెడ్ దింపేయమనేవాణ్ణి నమ్మొద్దు, డిప్ స్టిక్ చూడమనండి.

దారిలోనే ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, జాగా చూసి పక్కకి తీయండి. లోపల ఉడికిపోతాం గానీ ఇంజిన్ బతుకుతుంది. ఆవిరి వస్తుంటే మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయాలి. కనీసం అరగంట మూత ముట్టొద్దు. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

దిగుడులో బ్రేకు పట్టడం లేదు

ఇక్కడ రెండు వేరువేరు జబ్బులున్నాయి, పెడల్ తొక్కితేనే తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి, మాడు వాసన వస్తూ, బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలాయి. పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయి, లేదా ఎక్కడో లీకుంది. రెండోది ఎక్కువ ప్రమాదం.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మన వానాకాలం సంగతి వేరే చెప్పాలా? కిలోమీటర్లు తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మార్పించేయండి. నల్లబడ్డాక చూద్దాంలే అనుకుంటే ఆ దాకా ఘాట్ ఆగదు.

ప్యాడ్ల సంగతి మన కాలి చేతిలోనే ఉంది. దిగుడు మొదలవకముందే రెండో గేరో మూడో గేరో వేసి, ఇంజినే బండిని పట్టుకునేలా చూడాలి. కాలు పెడల్ మీద ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒకసారి తొక్కి వదిలేయాలి. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే మహానుభావులు ఇంకా ఉన్నారు. ఇంజెక్షన్ ఇంజిన్ గేరులో దిగుతున్నప్పుడే పెట్రోల్ కట్ చేసుకుంటుంది, న్యూట్రల్‌లో వేస్తే ఐడిలింగ్‌కి తాగుతుంది. ఇంజిన్ ఆపేస్తే మరీ దారుణం: పవర్ స్టీరింగ్ పోతుంది, నాలుగు తొక్కులకి, పెడల్‌కి బలమిచ్చే బ్రేక్ బూస్టర్ కూడా పోతుంది.

వాసన వస్తే ఆగండి, డిస్కుల మీద నీళ్లు కొట్టొద్దు. గేరులో పెట్టి చక్రం కింద రాయి వేయండి. వెళ్లేటప్పుడు దయచేసి ఆ రాయి తీసి పక్కన పడేయండి. మలుపు తిరగ్గానే నడిరోడ్డు మీద అలాంటి రాళ్లే కనిపిస్తాయి, రాత్రిపూట బైకు వాడి ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కుడులో క్లచ్ వాసన

లారీ వెనక హాఫ్ క్లచ్‌లో పాకడమే కారణం. దూరం వదిలి ఆగి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి, క్లచ్ పట్టాక అది వదులుతూ బండి ఎత్తండి. ఇంజిన్ రేజ్ అవుతున్నా స్పీడు పెరక్కపోతే ప్లేటు అరిగింది, మార్చాల్సిందే.

గుంతల్లో కట కట, మలుపులో టక టక

చిన్న గుంతల్లో కట కటమంటే ముందు సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, ఆ తర్వాత రబ్బరు బుష్‌లు చూపించండి. చవకగా తేలే పనికి జత షాక్ అబ్జార్బర్లు మార్పించుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టక టకమంటే సీవీ జాయింట్, అంటే చక్రానికి ఇంజిన్ శక్తి అందించే షాఫ్టు చివరి కీలు. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారుతున్నప్పుడే పట్టుకుంటే బూటుతో పోతుంది.

పొద్దున్నే సెల్ఫ్ కొట్టడం లేదు

చలికి పాత బ్యాటరీ చేతులెత్తేస్తుంది. అయినా ముందు టెర్మినల్స్ చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే నెగటివ్ మొదట ఇప్పి, వేడినీళ్లలో తినే సోడా కలిపి కడగండి. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీకి వోల్టు మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించాలి, స్టార్టయ్యాక దాదాపు 13.8 నుంచి 14.5. స్టార్టయ్యాక కూడా పెరగకపోతే కొత్త బ్యాటరీ కొన్నా దండగే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూపించండి.

బండి భేషుగ్గా ఉంది, కాగితాలే నడవడం లేదు

ఇది మన సరిహద్దు జబ్బు. విశాఖలో సెకండ్ హ్యాండ్ కొని, ఏపీ నంబరుతోనే జయపురంలో ఏళ్ల తరబడి తిప్పడం. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ ఒడిశాలో రోడ్ ట్యాక్స్ కట్టి, ఫారం 27తో అప్లై చేస్తే కొరాపుట్ జిల్లా నంబరు ఓడీ 10 వస్తుంది; రాయగడ వాళ్లకైతే ఓడీ 18. బండి మీద ఫైనాన్స్ ఉండి తీరిపోయి ఉంటే, బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 ఇచ్చి ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించారో లేదో డబ్బులు చేతిలో పెట్టకముందే చూసుకోండి. అమ్మినాయన ఆ తర్వాత ఫోనెత్తడు.