పాత సినిమాను మళ్ళీ తీయాలా వద్దా: తేల్చుకునే పద్ధతి

పాలకొల్లులో సినిమా మాట ఎత్తితే ప్రతి ఇంటికీ ఒక అభిప్రాయం ఉంటుంది. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊరు ఇది. ఇప్పుడు మా వీధి కుర్రాళ్ళు ఫోనుతోనే చిన్న సినిమాలు తీస్తూ పెద్ద సినిమాకు కథలు రాసుకుంటున్నారు. వాళ్ళలో చాలామంది నా దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే: “బాబాయ్, ఫలానా పాత సినిమా మళ్ళీ తీయవచ్చా?” ముట్టుకోవద్దని కసిరేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు. నేను అలా అనను. మళ్ళీ తీయవలసినవి ఉన్నాయి, చేయి పెట్టకూడనివి ఉన్నాయి. ఏది ఏదో కనిపెట్టడానికి నేను నమ్మే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

రీళ్ళ కాలం ముగిసేదాకా నేను థియేటర్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. క్యాబిన్ గోడకు ఉండే చిన్న కిటికీలోంచి తెరతో పాటు జనం తలలూ కనిపిస్తాయి. ఒకే బొమ్మను వారాల తరబడి వేస్తుంటే తెర మీద కొత్తగా చూడడానికి ఏమీ మిగలదు, చూపు జనం మీదికి పోతుంది. ఎక్కడ కదలకుండా కూర్చుంటారో, ఎక్కడ సోడా కోసం లేస్తారో, ఎక్కడ పిల్లవాణ్ణి బయటికి తీసుకుపోతారో రోజుకు మూడు ఆటల్లోనూ అవే చోట్లు. మాకు వచ్చే పాత ప్రింట్లు ఎన్నో ఊళ్ళు తిరిగి అరిగి వచ్చేవి. తెగిన చోట అతికించినప్పుడు కొన్ని అడుగుల ఫిల్ము పోతుంది, మాట సగంలో ఎగిరిపోతుంది. కొన్ని సినిమాలకు ఆ పోయిన మాటను నేల టిక్కెట్టువాళ్ళు గట్టిగా పూర్తి చేసేవారు. కొన్ని సినిమాలకు ఏదో పోయిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

మీరు మొదట చేయవలసిన పని ఇదే: ఆ పాత సినిమాను జనంతో కలిసి చూడండి. ఫోనులో ఒంటరిగా చూసి నిర్ణయానికి రావద్దు. ఊరి గ్రంథాలయం హాలో, కల్యాణ మంటపమో, వానలు లేని రోజుల్లో ఎవరి డాబా మీదో ఒక తెల్ల గుడ్డ కట్టి, అద్దె ప్రొజెక్టరుతో వేయండి. పాతిక ముప్ఫై మంది చాలు. ఆ సినిమాను విడుదలైనప్పుడు చూసినవాళ్ళు కొందరు, పేరు కూడా వినని కాలేజీ పిల్లలు కొందరు ఉండాలి. మీరు మాత్రం తెరకు పక్కగా, జనం వైపు తిరిగి కూర్చోండి. నోటు పుస్తకంలో సమయంతో సహా మూడు రకాల గుర్తులు పెట్టుకోండి. పాత్ర కన్నా ముందే జనం మాట అందుకున్న చోట ఒకటి. లేచి తిరిగిన చోట, ఫోను తీసిన చోట రెండోది. పెద్దవాళ్ళు ఒక రకంగా, పిల్లలు మరో రకంగా ఉన్న చోట మూడోది.

సినిమా నిండా మొదటి గుర్తే ఉంటే ఆలోచన మానుకోండి. ‘మాయాబజార్’ అలాంటిది. 1957లో వచ్చిన ఆ సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చాక సావిత్రి నడక, చూపు, భుజం తిప్పే తీరు గమనించండి. ఆడపిల్ల ఒంట్లో ఎస్వీ రంగారావు తిరుగుతున్నట్టే ఉంటుంది. దాన్ని మరొకరు చేస్తే అనుకరణ అవుతుంది, అనుకరించకపోతే జనం ఒప్పుకోరు. ఎటు పోయినా దారి లేదు. ఆ సినిమాకు 2010లో రంగులు అద్ది విడుదల చేశారు. నాకు నలుపు తెలుపుల్లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ పట్టిన వెన్నెలే ఇష్టం. అయినా ఆ రంగుల ప్రింటు చూసి మొదటిసారి ఆ సినిమాకు అలవాటు పడ్డ పిల్లలు మా వీధిలోనే ఉన్నారు కాబట్టి ఆ పనిని తప్పు పట్టను. నిండుగా ఉన్న సినిమాకు మనం చేయగలిగింది అదే, మంచి ప్రింటు సంపాదించి కొత్తవాళ్ళ ముందు పెట్టడం.

రెండో గుర్తులు ఎక్కువగా ఉంటే అది కేవలం నిడివి సమస్య. దానికోసం సినిమా మళ్ళీ తీయనక్కర్లేదు.

మూడో గుర్తు దగ్గర ఆగండి. అసలు పని అక్కడ ఉంది. ‘గుండమ్మ కథ’లో గుండమ్మ కూతురు సరోజ గర్వం అణచడానికి ఆమె చేత తోటపని చేయించే ఘట్టాలు ఉన్నాయి. పెద్దవాళ్ళు హాయిగా నవ్వుతారు. డిగ్రీ చదివే అమ్మాయిలు నవ్వడం మానేసి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇందులో ఎవరినీ తప్పు పట్టే పని లేదు. 1962కీ ఇప్పటికీ మధ్య ఇంట్లో ఆడపిల్ల స్థానం మారింది, అంతే. అలాంటి చోట ఒక కొత్త సినిమాకు పనికివచ్చే ప్రశ్న దొరుకుతుంది: సరోజ వైపు నుంచి ఆ పెళ్ళి ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే, పాత సన్నివేశాలనే కొత్త బట్టలతో తీయబోతున్నారన్నమాట. దయచేసి ఆ పని చేయకండి.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి చెప్పాలి. ‘గుండమ్మ కథ’ కూడా మళ్ళీ తీసిందే. దానికి మూలం 1958లో బి. విఠలాచార్య కన్నడంలో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’. మూలాన్ని గౌరవించాలని దాన్నే పట్టుకు వేలాడి ఉంటే మనకు సూర్యకాంతం గుండమ్మ దక్కేదా? ఆవిడ కాకినాడ దగ్గరి మనిషి. ఆ గొంతులోని దబాయింపు గోదావరి వీధుల్లో పుట్టినదే. అందుకే మీరు ఎంచుకున్న సినిమా వంశవృక్షం ముందు రాయండి. ఏ నాటకం నుంచి, ఏ నవల నుంచి, ఏ భాష నుంచి వచ్చింది, అప్పుడు ఏం మార్చారు? ఈ కాగితం రాశాక ‘పాతదాన్ని ముట్టుకోవడం పాపం’ అన్న భయం పోతుంది. మార్చడానికి వాళ్ళెంత శ్రమపడ్డారో తెలిసి, పని మీద భయం మొదలవుతుంది. ఆ భయం ఉండాలి.

‘లవకుశ’ వంశం ఇంకా గొప్పది. కాకినాడ వాసి సి. పుల్లయ్య 1934లో దాన్ని తీశారు. దాదాపు మూడు దశాబ్దాల తరువాత ఆయనే మళ్ళీ రంగుల్లో మొదలుపెట్టారు. మధ్యలో పని ఆగి, ఆయన ఆరోగ్యం చెడితే కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. 1963లో విడుదలైంది, తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన మొదటి సినిమా అదే. తాను తీసిన సినిమానే తాను మళ్ళీ ఎందుకు తీయాలి? 1934 నాటికి మాట నేర్చుకుంటున్న సినిమాకు అందని రంగు, సంగీతం ముప్ఫై ఏళ్ళకు చేతికి వచ్చాయి. ఆ కథకు అవి కావాలి. 2011లో బాపు అదే కథను ‘శ్రీరామరాజ్యం’గా తీశారు. మూడింటికీ చోటుంది, ఎందుకంటే రామకథ ఏ ఒక్క సినిమా సొత్తూ కాదు. పురాణం, నాటకం, నవల మూలంగా ఉన్న సినిమాకు మీరు తిన్నగా ఆ మూలానికి వెళ్ళవచ్చు. సినిమా కోసమే పుట్టిన కథకు ఆ వెసులుబాటు తక్కువ.

మూలం నవల అయినంత మాత్రాన గట్టెక్కుతారన్న హామీ ఏమీ లేదు. శరత్ నవల ఆధారంగా 1953లో వచ్చిన ‘దేవదాసు’ ఉండగా, 1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణతో రంగుల్లో మరో ‘దేవదాసు’ వచ్చింది. పాతదాని నీడ నుంచి అది బయటపడలేదు. పాత సినిమాలో లేని కారణం కొత్తదానిలో ఒకటి కనిపించాలి, రంగు ఒక్కటే చాలదని నాకు అర్థమైంది.

ఇక మన గోదావరి సంగతికి వస్తాను, ఎందుకంటే కుర్రాళ్ళు ఎక్కువగా అడిగేది ‘మూగమనసులు’ గురించే. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు 1964లో తీసిన సినిమా. పడవ నడిపే గోపి, జమీందారు బిడ్డ రాధ, గోపిని ప్రేమించిన గౌరి. దీన్ని ఆదుర్తే 1967లో హిందీలో ‘మిలన్’గా తీశారు. గౌరి వేషానికి జమునను మాత్రం మార్చలేదు, ఆమెకు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. మహదేవన్ బాణీలను మోసుకుపోకుండా లక్ష్మీకాంత్–ప్యారేలాల్ చేత కొత్తవి కట్టించారు. దేన్ని ఉంచాలో దేన్ని వదలాలో ఆయనకు తెలుసు. 1971లో సావిత్రి అదే కథను తమిళంలో ‘ప్రాప్తం’గా తానే నిర్మించి, తానే దర్శకత్వం వహించి, తానే నటించింది. అది ఆడలేదు, ఆమెను అప్పుల్లోకి నెట్టింది. కథ ఒకటే, రాధగా మెప్పించిన మనిషే. నేను ఎంతో ఇష్టపడే నటి కాబట్టి ఈ వాక్యం రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ పాత విజయం కొత్తదానికి పూచీ పడదని మీకు తెలియాలి.

ఇప్పుడు దాన్ని మళ్ళీ తీయాలంటే ముందు రేవుకు వెళ్ళి నిలబడండి. రాజమండ్రి పాత హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్ళు లేవు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఎన్నో సినిమాలకు నీడనిచ్చిన నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోయింది. భీమవరం, ఆకివీడు వైపు వరి చేలు చాలా మటుకు చేపల చెరువులయ్యాయి. కాబట్టి 1964 నాటి నదిని కంప్యూటరులో గీయించే ఖర్చుకు పోకండి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి నది దాటించే పంటు ఎక్కండి. మోటారుసైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళికి పోయేవాళ్ళు, పరీక్ష రాసి వచ్చే పిల్లలు అందరూ ఒకే చెక్క మీద నిలబడి ఉంటారు. పంటు నడిపేవాడి చేతులు చూడండి, అతను ఎవరితో మాట్లాడతాడో, ఎవరిని చూసి తల దించుకుంటాడో చూడండి. జమీందారు స్థానంలో ఇప్పుడు రొయ్యల వ్యాపారి ఉండవచ్చు. అతని కూతురు పంటు నడిపే కుర్రవాడితో పది నిమిషాలు నవ్వుతూ మాట్లాడితే ఊరు ఊరుకుంటుందా? ఊరుకోదు. కథకు వెన్నెముక ఇంకా గట్టిగానే ఉందన్నమాట. ఇలా ఇప్పటి మనుషుల మధ్య పెట్టి చూసినప్పుడు కథ నిలబడకపోతే అక్కడితో ఆపేయండి.

నన్నడిగితే ఆ సినిమాలో మళ్ళీ తీయవలసిన మనిషి గౌరి. గోపి, రాధల కథను మనకు చెప్పేది ముసలి గౌరి. అన్నేళ్ళు ఆ గట్టు మీద ఆమె ఏం తిన్నది, ఎవరు పలకరించారు, మరొకరిని పెళ్ళి చేసుకోమని ఎంతమంది ఒత్తిడి చేశారు, వరదలప్పుడు ఎక్కడ తలదాచుకుంది? పాత సినిమాకు అది అవసరం లేకపోయింది. ఈ ఒక్క పాత్రను పట్టుకుని ఎవరైనా సినిమా తీస్తే మొదటి ఆటకు మొదటి వరసలో నేనుంటాను. అది పాతదానికి పోటీ రాదు, పక్కన కూర్చుంటుంది.

పక్కన కూర్చోవడానికి ఇంకో దారి కూడా ఉంది. 1973లో బాపు ‘అందాల రాముడు’లో జనాన్ని లాంచీ ఎక్కించి గోదావరి మీద భద్రాచలం తీసుకుపోయారు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’లో అదే నది, అదే లాంచీ ప్రయాణం, మనుషులు మాత్రం వేరు. పాత సినిమా మీకు ఇచ్చింది ఒక వాతావరణమే అయితే, ఆ వాతావరణాన్ని తీసుకుని మీ కథ మీరు రాసుకోండి. హక్కుల తలనొప్పి కూడా ఉండదు.

ప్రింటు గురించి రెండు మాటలు. మీరు చూస్తున్నది టీవీలో కోసి ముక్కలు చేసిన కాపీ అయితే దాని మీద నిర్ణయం తీసుకోకండి, పూర్తి నిడివిది దొరికేదాకా వెతకండి. పాత ఎసిటేట్ ఫిల్ము పాడవుతుంటే డబ్బా మూత తీయగానే వెనిగరు లాంటి ఘాటు వాసన వస్తుంది. ఆ వాసన నా ముక్కుకు బాగా తెలుసు. తెలుగులో మొదటి టాకీ 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ మనకు చూడడానికి మిగలలేదు. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ ఎంత బాగున్నా ఆ లోటు తీర్చదు. ఎవరి ఇంట్లోనైనా, మూతపడ్డ థియేటరు గదిలోనైనా రీళ్ళ డబ్బాలు కనిపిస్తే మీ స్క్రిప్టు పక్కన పెట్టి ముందు పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఉత్తరం రాయండి.

తీయాలనే తేలితే హక్కులు చూసుకోండి. మన చట్టం ప్రకారం సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1964లో విడుదలైన సినిమాకు 2024 డిసెంబరు 31తో గడువు తీరింది. ఇది విని గంతులు వేయకండి. రచన, సంగీతాల లెక్క వేరు, అది కర్త మరణించాక 60 ఏళ్ళు. ‘మూగమనసులు’కు పాటలు రాసిన ఆత్రేయ 1989లో, సంగీతం కట్టిన మహదేవన్ 2001లో కన్నుమూశారు కాబట్టి ఆయన పాటల సాహిత్యానికి 2049 చివరిదాకా, ఈయన బాణీలకు 2061 చివరిదాకా హక్కు ఉంటుంది. ఆ హక్కు నిర్మాత వారసుల దగ్గర ఉందా, మరొకరు కొన్నారా అనేది పాత ఒప్పందాలు చూస్తేనే తెలుస్తుంది. లాయరు చేత రాతపూర్వకంగా తెప్పించుకోండి, నోటిమాట నమ్మి షూటింగు మొదలుపెట్టకండి.

చివరగా టైటిళ్ళు. ‘ఫలానా సినిమా ఆధారంగా’ అని మొదట్లోనే వేయండి. మూలం రాసినవారు, తీసినవారు, పాట కట్టినవారు, వేషం వేసినవారు, ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు, కూర్పరి అందరి పేర్లూ తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదవడం నెమ్మదైన మనిషి ప్రతి పేరునూ పూర్తిగా చదువుకునేంత సేపు తెర మీద నిలపండి.