బొమ్మతో పాటు లైసెన్సు కూడా దాచుకోండి
డిజైన్ కొత్తగా నేర్చుకునేటప్పుడు ఉచితంగా దొరికిన ఫాంట్లు, బ్రష్షులు, బొమ్మలు అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే వదిలేసేదాన్ని. ఒక పెళ్లికార్డులో పెట్టిన మామిడాకుల తోరణం ఎక్కడి నుంచి దించానో గుర్తురాక, దాన్ని వాడుకునే అనుమతి ఉందో లేదో తెలియక, ప్రింటుకి వెళ్లే ముందు రాత్రి కూర్చుని మళ్లీ గీశాను.

ఇప్పుడు దించిన వెంటనే ఫైలు పేరు మార్చేస్తాను: 'తోరణం-వికీమీడియా కామన్స్-సీసీ బై' అని, అంటే బొమ్మ పేరు, దించిన సైటు, లైసెన్సు. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, బొమ్మని ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సులు. సీసీ జీరో అయితే ఎవరి పేరూ ఇవ్వక్కర్లేదు. సీసీ బై అయితే గీసినవాళ్ల పేరు వేయాలి. ఎన్‌సీ (నాన్ కమర్షియల్) అని ఉంటే డబ్బు తీసుకునే పనికి వద్దు, అలాంటివి వేరే ఫోల్డర్‌లో పెట్టండి.

గూగుల్ ఫాంట్స్‌లోని రామభద్ర, మండలి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వస్తాయి, కార్డులకు, పోస్టర్లకు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఫాంటుతో పాటు జిప్‌లో వచ్చే లైసెన్సు ఫైలుని మాత్రం పక్కనే ఉంచండి.