ఏజెంటుకు నోట్స్ వద్దు, ఇండెక్స్ చాలు: 3వ పాఠం

గత పాఠంలో అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ వాల్టులోని (నోట్స్ ఉండే ఫోల్డరులోని) నోట్స్‌కు ఐదు ప్రాపర్టీలు పెట్టుకున్నాం: రకం, తేదీ, స్థితి, ట్యాగులు, ఏజెంటుకు. చివరిది, ఆ నోటును ఏజెంటుకు చూపాలా వద్దా అని చెప్పే చెక్‌బాక్స్. ఇప్పుడు వీటిని మాత్రమే ఏరి ఒక జేసన్ ఫైలు (ప్రోగ్రాములు సులువుగా చదవగల పాఠ్య ఫైలు) చేసి, ఏజెంటుకు, అంటే మన తరఫున పనులు చేసే ఏఐ ప్రోగ్రాముకు, దాన్నే ఇస్తాం.

వాల్టు ఫోల్డరునే ఏజెంటుకు ఫైళ్లు అందించే ఎంసీపీ ఫైల్‌సిస్టమ్ సర్వర్‌కు చూపిస్తే పోలేదా? పోతుంది. కానీ ఆ సర్వర్ ఫైళ్లు చదవడంతో ఆగదు, రాయగలదు, దిద్దగలదు, వేరే చోటికి జరపగలదు. ‘ప్రాపర్టీలు మాత్రమే చూడు’ అని ప్రాంప్టులో రాయడం విన్నపమే కానీ తాళం కాదు.

ముందు వాల్టు బయట ‘ఇండెక్స్’ అని ఒక ఫోల్డరు చేయండి. తర్వాత పైథాన్ స్క్రిప్టు. ప్రతి మార్క్‌డౌన్ ఫైలునూ యూటీఎఫ్-8గా తెరవాలి. ప్రాపర్టీలు ఫైలు మొదట్లో, మూడేసి హైఫన్లున్న రెండు వరుసల మధ్య, యామల్ అనే పద్ధతిలో ఉంటాయి. మొదటి వరుసలో మూడు హైఫన్లు లేకపోతే ఆ ఫైలును వదిలేయాలి. ఉంటే, మళ్లీ మూడు హైఫన్లు కనబడేదాకా చదివి అక్కడే ఆగాలి. ఆ ముక్కను, యామల్‌ను చదివే పైథాన్ లైబ్రరీ పైయామల్‌లోని సేఫ్ లోడ్‌తో విప్పి, చెక్‌బాక్స్‌లో టిక్కు ఉన్న నోటునే ఇండెక్స్‌లోకి తీసుకోవాలి. దాచాల్సినవాటి జాబితా రాసుకుంటే ఏదో ఒకటి మరిచిపోతాం. చూపాల్సినవే గుర్తుపెట్టుకుంటే, మరిచినవి దాగే ఉంటాయి.

ఫైలు పేరు సంగతి చాలామందికి తట్టదు. ‘అమ్మ షుగర్ రిపోర్టు’ అని పేరు పెట్టాక లోపలి పాఠ్యం దాచి ఏం లాభం? ఇండెక్స్‌లో పేరుకు బదులు వరుస సంఖ్య రాయించండి. ఏ సంఖ్య ఏ నోటుదో చెప్పే ఫైలు ఈ ఫోల్డరులో ఉండకూడదు.

జేసన్ రాసే ఫంక్షన్‌లో ఎన్‌ష్యూర్ యాస్కీ (ensure_ascii) అనే సెట్టింగును ఫాల్స్ చేయాలి. లేకపోతే ‘అ’ అనే ఒక్క అక్షరం ఆరు క్యారెక్టర్ల కోడై కూర్చుంటుంది, ఫైలు ఊరికే ఉబ్బిపోతుంది. 2025-06-14 అని రాసినదాన్ని యామల్ తేదీ వస్తువుగా మారుస్తుంది, జేసన్ దాన్ని మింగలేక ఎర్రర్ ఇస్తుంది. అదే ఫంక్షన్‌లో డిఫాల్ట్‌కు స్ట్రింగ్ ఫంక్షన్ ఇస్తే (default=str) సరి. 14-06-2025 అని రాస్తే ఎర్రర్ రాదు కానీ అది ఉత్త అక్షరాలుగానే మిగిలి, వరుసక్రమం తప్పుతుంది. ఎర్రర్ రాకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

అలాంటివే ఇంకొన్ని. కోట్స్ లేకుండా 10:30 అని రాస్తే పైయామల్ దాన్ని అరవైల లెక్కలో 630 చేస్తుంది. విలువ ముందు హ్యాష్ గుర్తు పెడితే అక్కడినుంచి అంతా కామెంట్ అయిపోయి, ట్యాగు ఖాళీగా వస్తుంది. విలువ మధ్యలో కోలన్, దాని వెనకే ఖాళీ వస్తే ఆ నోటు మొత్తం విప్పుకోదు. కోట్స్ పెట్టండి. స్క్రిప్టు ఇలాంటి నోటును గుట్టుగా దాటేయకుండా, ఫైలు పేరును టెర్మినల్‌లో చూపాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ‘లోన్’ అనే ట్యాగు రెండుసార్లు కనిపిస్తుంది, చూస్తే రెండూ ఒకటే. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు)ను వదులుతాయి. ట్యాగు చివర అది ఉంటే కత్తిరించండి. మాట మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, అక్కడ దానికి పని ఉంది. ఒకే అక్షరం ఒకే తీరుగా నిల్వయ్యేలా చేసే యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చడమూ మరవకండి, ఐత్వం రెండు రకాలుగా నిల్వ కావచ్చు.

నోటు చివరిసారి ఎప్పుడు మారిందో ఫైలు సమయాన్నిబట్టి తేల్చవద్దు. కాపీ చేసినా, సింక్ చేసినా ఆ సమయం మారిపోవచ్చు. మన ‘తేదీ’ ప్రాపర్టీయే లెక్క.

స్థితివారీ మొత్తాలు కూడా స్క్రిప్టే ఫైలు పైన రాయాలి. పొడుగాటి జాబితా లెక్కపెట్టమంటే మోడల్ తడబడుతుంది.

ఇప్పుడు ఎంసీపీ సెట్టింగులలో ఇండెక్స్ ఫోల్డరు దారి ఒక్కటే ఇచ్చి, క్లయింటును, అంటే ఏజెంటు నడిచే యాప్‌ను, మూసి తెరవండి. టెర్మినల్ నడపగల ఏజెంటుకు మాత్రం ఈ కట్టడి చాలదు. మీ యూజర్ ఖాతా చదవగలిగినదంతా అదీ చదవగలదు. దాన్ని వాల్టుకు అనుమతి లేని వేరే యూజర్ ఖాతాలో నడపాలి.

అభ్యాసం: స్థితి ‘పెండింగ్’గా ఉన్నవి ఎన్నో ఏజెంటును అడిగి, అబ్సిడియన్ వెతుకుడులో టిక్కు ఉన్నవాటితో పోల్చండి. తర్వాత 7వ సంఖ్య నోటులోని మొదటి వాక్యం చెప్పమనండి. ‘లేదు’ అనాలి. వాక్యం చెప్పిందంటే వాల్టులో నిజంగా ఉందేమో వెతకండి: ఉంటే దారి తప్పు ఇచ్చారు, లేకపోతే అది అల్లింది.