పల్లం సైట్లో ఇల్లు కడుతున్నారా? బంకమట్టిలో, వానల మధ్య కాంక్రీటు పని ఇలా చేయించుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మెట్ట ఎక్కువ, ఎర్రనేల ఎక్కువ, అలాంటి చోట కట్టుకుంటే పునాది గురించి మరీ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. కానీ ఇప్పుడు లేఅవుట్లు ఎక్కడ వేస్తున్నారండీ, నిన్నమొన్నటి దాకా వరి పండిన మళ్ళు, చెరువు కింద పల్లం, గెడ్డ (వాగు) పక్క జాగా. పైన రెండడుగులు ఎర్ర గ్రావెల్ తోలేసి, రోడ్డు వేసి, రాళ్ళు పాతేస్తారు, చూడ్డానికి మెట్టలాగే ఉంటాది, కింద ఉండేది మాత్రం అదే బంకమట్టి. అలాంటి సైటు కొన్నవాళ్ళ కోసమే ఇది.

బంకమట్టి తడిస్తే ఉబ్బుతాది, ఎండితే ముడుచుకుంటాది. ఏడాదంతా ఒకేలా తడిగా ఉన్నా ఇంటికి పెద్దగా ఏమీ అవ్వదు, వంటగది మూల తడిసి హాలు మూల ఎండితేనే గోడ పగులుతాది. అందుకని మేస్త్రి "ఇంకో రెండు ఊచలు ఎక్కువేసేద్దాం బాబూ, ఏటీ అవదు" అంటే తల ఊపేయకండి. ఊచలతో తీరే సమస్య కాదిది, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకుంటే తీరే సమస్య.

ముందు మట్టి సంగతి తేల్చుకోండి. పైన తోలిన గ్రావెల్ కాదు, నాలుగైదు అడుగుల లోతున గొయ్యి తీయించి అక్కడి మట్టి తీయండి. బాగా ఎండబెట్టి, పొడి చేసి, సన్న జల్లెడ పట్టి, ఒకేలాంటి రెండు గాజు గ్లాసుల్లో రెండేసి చెంచాలు వేసి, ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో కిరసనాయిలు పోసి కలిపి మర్నాటి దాకా కదపకుండా వదిలేయండి. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతాది, మర్నాడు రెండు గ్లాసుల్లో మట్టి ఎంత ఎత్తుందో పక్కపక్కన పెట్టి చూడ్డమే. ఇంచుమించు సమానంగా ఉంటే హాయిగా ఉండొచ్చు, నీళ్ళ గ్లాసులోది ఒకటిన్నర రెట్లు అయిపోయిందంటే మాత్రం మేస్త్రి అంచనాతో పునాది వేయకండి. ల్యాబుల్లో చేసే ఫ్రీ స్వెల్ టెస్టు కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే వాళ్ళు 10 గ్రాములు తూచి, కొలత గీతలున్న గాజు గొట్టాల్లో చేస్తారు. విజయనగరం, రాజాం వైపు ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి కదా, సివిల్ డిపార్ట్‌మెంట్‌లో అడిగి చూడండి, ఇంటి ఖర్చు ముందు ఆ టెస్టు ఖర్చు ఏపాటిదీ కాదు.

పక్కింటి నుయ్యి కూడా చూడండి, అదీ మే నెలలో కాదు, సెప్టెంబరు అక్టోబరుల్లో. కాలవ ఆయకట్టు కింద జాగా అయితే కాలవ వదిలినప్పుడు ఊట ఎంత పైకొస్తాదో తెలుస్తాది. ఆ వీధిలో ముసలాళ్ళని అడగండి, 2014లో హుద్‌హుద్‌కి, 2018లో తిత్లీ తుఫానుకి నీళ్ళు ఎంతవరకు నిలబడ్డాయని. ప్లింత్ ఎత్తు, అంటే ఇంటి లోపలి నేల ఎత్తు, రోడ్డు చూసి కాదు, ఆ నీటి మట్టం చూసి పెట్టుకోవాలి, రోడ్డు ఎలాగూ వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతూనే ఉంటాది.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి. మనవాళ్ళు ఆషాఢం శూన్యమాసమని ఆగి, శ్రావణం రాగానే మంచి ముహూర్తమని శంకుస్థాపన చేసి, ఆ ఊపులోనే గోతులు తీయించేస్తారు, అది సరిగ్గా వానలు దంచే కాలం. ముహూర్తం వద్దనట్లేదు, కొబ్బరికాయ కొట్టండి, ఈశాన్యంలో రాయి వేయండి, కానీ గోతులు మాత్రం దీపావళి వెళ్ళాక తీయించండి. హుద్‌హుద్ అక్టోబరు 12న, తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి, దసరా దీపావళి మధ్య ఆకాశాన్ని నమ్మడానికి లేదు. ఇంకో సంగతి, మన వైపు పనివాళ్ళు చాలామంది హైదరాబాదు, చెన్నై వలస పోతారు, సంక్రాంతికి ఊళ్ళోకొస్తారు, అప్పుడే మాట్లాడేసుకుంటే పండగ వెళ్ళాక స్లాబుకి జనం దొరుకుతారు.

వానాకాలంలోనే తప్పదు అనుకుంటే గోతుల విషయంలో జాగ్రత్త. మొత్తం లోతు ఒకేరోజు తీసేసి వదిలేయొద్దు. చివరి అర అడుగు అలాగే ఉంచి, పీసీసీ బెడ్ (ఊచలు లేని అడుగు కాంక్రీటు పొర) వేసే రోజు పొద్దున్నే అది తీయించి వెంటనే బెడ్ వేసేయాలి, ఎందుకంటే గోతి అడుగున బంకమట్టి ఒక్క వానకే బురదైపోతాది, ఆ బురద మీద ఫుటింగ్ (పిల్లరు కింది వెడల్పాటి కాంక్రీటు దిమ్మ) వేస్తే తర్వాత కిందకి దిగుతాది. ఒకవేళ తడిసిపోతే మెత్తటిదంతా గట్టి మట్టి తగిలేదాకా చెక్కించి, ఆ తీసిన లోతు కూడా పీసీసీతోనే నింపాలి, తీసిన మట్టి మళ్ళీ వేసి దిమ్మిస కొట్టడం కుదరదు. ఊట వస్తుంటే ఒక మూల చిన్న గుంట తీసి మోటారు దాంట్లో వేసి తోడాలి. నీళ్ళు నిలిచున్న గోతిలో కాంక్రీటు పోసేసి "సిమెంటు నీళ్ళు తాగేస్తాదిలే" అనేవాళ్ళుంటారు, తాగదు, సిమెంటే కొట్టుకుపోయి పిక్క (కంకర) మిగులుతాది.

ఫుటింగ్ ఊచల జాలీ కింద కవర్ బ్లాకులు (ఊచలని ఎత్తి పట్టే చిన్న దిమ్మలు) పెట్టించండి, 50 ఎంఎం, అంటే రెండు అంగుళాలు. ఇటుక ముక్కలు పెడతారు, అది వద్దు, ఇటుక నీళ్ళు పీల్చి ఇనుముకి అందిస్తాది. ఊచలకి బురద అంటితే కడిగాకే కాంక్రీటు. సముద్రం గాలి తగిలే చోట, కళింగపట్నం గానీ భోగాపురం వైపు తీరం గానీ, ఇంకా గట్టిగా ఉండాలి, అలాంటి చోట గాలికి బయటపడి ఉండే ఆర్‌సీసీకి కాంక్రీటు పనుల జాతీయ కోడ్ ఐఎస్ 456 ఎం30 గ్రేడు కాంక్రీటు అడుగుతాది (ఎం పక్క అంకె పెరిగితే బలం ఎక్కువ), మామూలు చోట ఎం20 కన్నా తగ్గకూడదు. ఉప్పుబోరు నీళ్ళతో కలపడం అయితే అసలు వద్దు.

చాలామంది దెబ్బతినేది ఫిల్లింగ్‌లో. గోతుల్లోంచి తీసిన బంకమట్టి పక్కనే కుప్పగా ఉంటాది, అది ట్రాక్టరు పెట్టి బయటికి తోలించడం ఖర్చు, గ్రావెల్ తెప్పించడం ఇంకో ఖర్చు, అందుకని మేస్త్రీ మీరూ కలిసి ఆ మట్టే ప్లింత్ లోపల పోసేస్తారు. రెండేళ్ళకి టైల్స్ పైకి లేస్తాయి, లేకపోతే గది మధ్యలో కుంగుతాది. ఆ మట్టి లోపల ఒక్క తట్ట కూడా పడకూడదు. అలాగని మొత్తం నది ఇసుకతో నింపడమూ మంచిది కాదు, ఇది వింటే చాలామంది ఒప్పుకోరు, ఇసుక ఉబ్బదు కదా అంటారు. ఉబ్బదు నిజమే, కానీ చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక అంటే అది తొట్టి కట్టినట్టే, వాననీళ్ళన్నీ దాంట్లోకి దిగి ఎటూ పోలేక అక్కడే నిలబడి పక్కనున్న బంకమట్టిని నెలల తరబడి నానబెడతాయి. ఎర్ర కొండ గ్రావెల్ నయం, అర అడుగు మందం చొప్పున పరిచి, తగుమాత్రం తడిపి, మెషిన్ దిమ్మిసతో కొట్టించి, తర్వాతే పైపొర. మూడడుగులు ఒకేసారి పోసి పైన నీళ్ళు పెట్టేసి "దానంతటదే సెటిలవుతాది" అంటే ఒప్పుకోకండి, దిమ్మిస దెబ్బ అర అడుగు దాటి కిందకి అందదు.

ఉబ్బే మట్టి అని తేలితే ప్లింత్ బీమ్ (గోడల కింద పిల్లర్లని కలిపే బీము) నేలకి ఆనకూడదు, కింద మూడు అంగుళాలు ఖాళీ వదలమని ఇంజనీరుతో డ్రాయింగులో రాయించుకోండి, మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోకే ఉబ్బుతాది, బీముని తోయదు. మరీ ఎక్కువ ఉబ్బే నేలకైతే అండర్ రీమ్డ్ పైల్స్ అని ఉన్నాయి, కింద ఉల్లిగడ్డలా లావుగా ఉండే పైల్స్, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ వాళ్ళు మన దేశంలో ప్రచారంలోకి తెచ్చినవి, ఎండావానకి కదలని లోతుకి దించుతారు. అన్ని ఇళ్ళకీ అక్కర్లేదు, ఇంజనీరు చెప్తే మాత్రం ఖర్చని వెనకాడొద్దు.

ఇప్పుడు కలపడం. ఎం20కి ఒక సిమెంటుకి ఒకటిన్నర ఇసుక, మూడు పిక్క. బస్తా సిమెంటు ఇంచుమించు 35 లీటర్లు, ఆ కొలతకి ఒక చెక్క పెట్టె చేయించుకుంటే లెక్క తేలిక, తట్టలతో కొలిస్తే పొద్దున తట్ట నిండుగా, సాయంత్రం తట్ట సగం. వానాకాలం ఇసుకతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, కొద్దిగా తడిసిన ఇసుక ఉబ్బినట్టు కనిపిస్తాది, పావు వంతు దాకా ఎక్కువ జాగా తీసుకుంటాది, అంటే పెట్టె నిండినా లోపల ఇసుక తక్కువే. గ్లాసులో తడి ఇసుక నింపి, నీళ్ళు పోసి ముంచేయండి, ఎంత కిందకి దిగిందో అంత ఉబ్బు, కలిపేటప్పుడు ఆ మేర ఇసుక పెంచాలి. రెండోది, ఆ ఇసుకలోనే నీళ్ళున్నాయి. బస్తాకి మొత్తం నీళ్ళు 25 లీటర్లు, ఆపైన ఇంకో రెండు, అంతే, తడి ఇసుక, తడి పిక్క అయితే అందులోంచి నాలుగైదు లీటర్లు తగ్గించి మొదలుపెట్టాలి. మిల్లర్ (కాంక్రీటు కలిపే మెషిన్) దగ్గర కుర్రాడు పైపు పట్టుకుని జారుగా వచ్చేదాకా పోస్తూనే ఉంటాడు, ఆ పైపు తీసేసి బకెట్టు ఇవ్వండి.

ఇసుకలో మట్టి ఉందేమో కూడా చూడాలి, నాగావళిదైనా వంశధారదైనా సరే. సీసాలో సగం ఇసుక వేసి ఉప్పునీళ్ళు పోసి బాగా గిలకొట్టి కొన్ని గంటలు వదిలేస్తే మట్టి పైన పొరగా తేలుతాది, ఇసుక పొరలో నూటికి 8 వంతులు దాటితే లోడు వెనక్కి పంపేయండి. సిమెంటు బస్తాలు గోడకి అడుగు దూరంలో, నేలకి అర అడుగు ఎత్తున చెక్కల మీద పేర్చి బరకం (టార్పాలిన్) కప్పాలి, చేత్తో నలిపినా నలగని గడ్డలుంటే ఆ బస్తా స్లాబుకి వాడొద్దు.

స్లాబు రోజు అందరూ ఆకాశం కేసే చూస్తారు, నేను మాత్రం ముందు కింద చూడమంటాను. సెంట్రింగ్ సరుగుడు కర్రలు కొత్తగా పోసిన ఫిల్లింగ్ మీద నిలబడతాయి, వానకి అది మెత్తబడితే కర్ర దిగిపోతాది, పచ్చి స్లాబు అక్కడే వంగిపోతాది. ప్రతి కర్ర కిందా వెడల్పాటి చెక్క ముక్క పడాల్సిందే, పొయ్యడానికి ముందొకసారి, వాన పడితే మళ్ళీ ఒకసారి తిరిగి చూడాలి. బరకాలు ముందే అద్దెకి తెచ్చి పెట్టుకోండి. చినుకులైతే పోసినంత మేర కప్పుతూ పని కానివ్వొచ్చు. గట్టిగా పడితే ఆపేయాలి, ఎక్కడపడితే అక్కడ కాదు, రెండు బీముల మధ్య నడిమి భాగంలో, అంచు నిలువుగా ఉండేలా చెక్క అడ్డం పెట్టి ఆపాలి. మర్నాడు ఆ అంచుని గీకి, కడిగి, సిమెంటు పాలు పూసి అక్కడినుంచి పొయ్యాలి. వాన వెలిశాక పైన నీళ్ళు నిలిచాయని పొడి సిమెంటు చల్లి పామేస్తారు, పైన పెంకు కట్టి తర్వాత ఊడిపోతాది, చల్లనివ్వకండి, నీళ్ళు స్పాంజితో తీయించండి, పైపొర కొట్టుకుపోయి పిక్క తేలితే అంతవరకు తీసి కొత్తది వేయించండి. భోజనాలు అయ్యాక చేస్తాం అంటే కుదరదు, అప్పటికే అది గట్టిపడిపోతాది.

వానలు పడుతున్నాయి కదా క్యూరింగ్ ఎందుకని వదిలేస్తారు. మన దగ్గర వాన ఆగిన గంటకే ఎండ కాస్తాది. స్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలపండి, పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటు అయితే కనీసం 10 రోజులు, 14 అయితే ఇంకా మంచిది. పిల్లర్లకి గోనెలు చుట్టి తడపాలి. సెంట్రింగ్ వాడు పలకలు వేరే సైటుకి కావాలని తొందరపెడతాడు, గది వెడల్పు 15 అడుగుల లోపైతే స్లాబు కింద కర్రలకి కోడ్ ప్రకారం కనీసం 7 రోజులు, బీముల కింద 14, పీపీసీకి ఇంకొన్ని రోజులు కలుపుకోండి.

ఇల్లు అయ్యాక డబ్బులైపోయాయని చుట్టూ ఆప్రాన్ వదిలేస్తారు, నా లెక్కలో పైన ఎలివేషన్ కన్నా అదే ముఖ్యం. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున కాంక్రీటు, బయటికి వాలు, అడుగుకి అర అంగుళం పైనే. గోడకి ఊచలతో కలిపేయకండి, మధ్యలో సన్న సందు వదిలి తారులాంటి మెత్తటిది నింపండి, మట్టి కదిలినప్పుడు ఆప్రాన్ కదులుతాది, గోడ కదలదు. వాకిట్లో కాంక్రీటు వేసినా ఎనిమిది పదడుగులకి ఒక జాయింటు ఇవ్వాలి. డాబా మీది వాననీళ్ళ పైపు ఆప్రాన్ మీదే వదిలేయకుండా కాలవ దాకా తీసుకెళ్ళండి, బాత్రూమ్ నీళ్ళు గోడవార అరటిచెట్టుకి పెట్టొద్దు, ఇంకుడు గుంత పునాదికి దగ్గరలో తీయించొద్దు, బంకమట్టిలో నీళ్ళు ఇంకవు, పక్కకి పాకుతాయి.

ఇంత చేసినా సన్న బీటలు రావచ్చు. బీట రెండు కొసల్లో పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి, మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి చూడండి. వెంట్రుకంత బీట ఎండకి తెరుచుకుని వానకి మూసుకుంటుంటే కంగారుపడొద్దు, అలాగని మేలో సిమెంటు కూరొద్దు, వానలకి మూసుకోవడానికి చోటుండదు, సాగే సీలెంట్ పెట్టించండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా వచ్చి, 5 ఎంఎం దాటి, తలుపులు బిగుసుకుపోతుంటే పెయింటర్ని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్ని పిలవండి, ఆయనొచ్చేలోపు నేల కింద నీళ్ళ పైపు ఎక్కడైనా కారుతోందేమో చూసి పెట్టుకోండి, ఆయన అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.