స్ట్రాంగ్ బీరు మధ్యలో ఆగిపోతే: ఈస్టు, ఆక్సిజన్ సమస్యలు

అమెరికాలో ఇంట్లో బార్లీ వైన్, ఇంపీరియల్ స్టౌట్ లాంటి గట్టి బీర్లు కాచుకునే తెలుగువాళ్ళ కోసం ఇది. (తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం నేరం.) లెక్కలన్నీ 19 లీటర్ల వోర్ట్‌కి (పులియబెట్టక ముందుండే తియ్యటి మాల్ట్ ద్రవం), 1.090 గ్రావిటీకి (నీటితో పోలిస్తే ద్రవం సాంద్రత; చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) వేసినవి.

సమస్య: ఈస్టు వేసి రోజున్నర దాటినా కదలిక లేదు

ముందు మూత సరిగ్గా బిగిసిందో లేదో చూడండి. గాలి పక్కనుంచి పోతుంటే ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని గొట్టం) బుడగలు రావు. గ్రావిటీ నిజంగానే తగ్గకపోతే ఈస్టు చాలలేదని అర్థం. మామూలు ఏల్ రకం బీరుకు ఒక్కో మిల్లీలీటరుకు, ఒక్కో డిగ్రీ ప్లేటోకు (వోర్ట్‌లో చక్కెర శాతం కొలత) 7.5 లక్షల కణాలు సరిపోతాయి. గట్టి బీరుకు 10 లక్షలు వేసుకోవడం మేలు. అంటే మన వోర్ట్‌కి దాదాపు 40 వేల కోట్ల కణాలు కావాలి. చాలా లిక్విడ్ ప్యాకెట్లలో, అదీ తాజాగా ఉన్నప్పుడు, సుమారు 10 వేల కోట్లే ఉంటాయి. పాతబడేకొద్దీ అవీ చచ్చిపోతుంటాయి.

వెంటనే 11.5 గ్రాముల పొడి ఈస్టు ప్యాకెట్లు రెండు వేయండి. ఇంతలో వేరే క్రిములు చొరబడే ప్రమాదం ఉంది కాబట్టి ఇంకో రోజు చూద్దామని ఆగవద్దు. తర్వాతిసారి ముందే ఘాటు తక్కువున్న బీరు ఒకటి కాచి, దాని అడుగున మిగిలిన తాజా ఈస్టు వాడండి. నా దృష్టిలో పెద్ద స్టార్టర్ (కొద్ది వోర్ట్‌లో ముందుగానే ఈస్టును పెంచుకోవడం) కంటే ఇదే తేలిక.

సమస్య: జోరుగా మొదలై 1.040 దగ్గర ఆగిపోయింది

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. రిఫ్రాక్టోమీటర్‌తో (కాంతి వంగే తీరును బట్టి చక్కెర కొలిచే పరికరం) చూస్తే, ఆల్కహాల్ వల్ల అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. హైడ్రోమీటర్‌తో (ద్రవంలో తేలుతూ గ్రావిటీ చూపే గాజు గొట్టం) మళ్ళీ చూడండి. తర్వాత ఒక గ్లాసు బీరు విడిగా తీసి, పొడి ఈస్టు దండిగా వేసి, వెచ్చగా ఉంచి అప్పుడప్పుడు కలపండి. అదీ 1.040 దగ్గరే నిలిస్తే లోపం ఈస్టుది కాదు, పులియని చక్కెరలు ఎక్కువున్నాయి. మాష్ (మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెట్టడం) వేడి ఎక్కువై ఉంటుంది.

గ్లాసులో 1.024కి దిగితే మాత్రం ఫర్మెంటర్‌లోని (బీరు పులిసే డబ్బా) ఈస్టు అలిసిపోయినట్టే. కారణం చాలాసార్లు మొదటి రోజు ఆక్సిజన్ తక్కువ కావడమే. ఈస్టు ఆక్సిజన్‌తో స్టెరాల్స్ అనే కొవ్వు పదార్థాలు తయారు చేసుకుంటుంది. కణం పొర ఆల్కహాల్‌ని తట్టుకునేది వాటితోనే. కణాలు విడిపోయిన ప్రతిసారీ ఆ నిల్వ సగమవుతుంది. డబ్బా ఊపితేనో, గాలి పంపు పెడితేనో వోర్ట్‌లో ఆక్సిజన్ 8 పీపీఎం (పది లక్షల్లో 8 భాగాలు) దాటదు. వోర్ట్ చిక్కగా ఉంటే అదీ కరగదు.

అందుకే గట్టి బీరుకు సిలిండర్ ఆక్సిజన్ తప్పదంటాను. సన్న రంధ్రాల స్టోన్‌తో (గ్యాస్‌ని చిన్న బుడగలుగా వదిలే గొట్టం కొస), నిమిషానికి 1 లీటరు చొప్పున 90 సెకన్లు పంపండి. ఈస్టు వేసిన 12 నుంచి 18 గంటల మధ్య ఇంకోసారి ఇవ్వండి. పొడి ఈస్టులో స్టెరాల్స్ నిల్వ ముందే ఉంటుంది కాబట్టి మొదటిసారి వాడేటప్పుడు దానికి ఇంత అవసరం ఉండదు.

ఆగిపోయాక మాత్రం ఆక్సిజన్ ఇవ్వకండి, బీరు తడిసిన అట్టముక్క రుచికి వస్తుంది. వేడి 21 లేదా 22 డిగ్రీల సెల్సియస్‌కు పెంచి, అడుగు ఈస్టును మెల్లగా కదపండి. కదలకపోతే లీటరు స్టార్టర్ చేసి, నురగ బాగా పొంగుతున్నప్పుడు ఆగిన బీరు అందులో కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేయండి. తర్వాత మొత్తం ఫర్మెంటర్‌లో పోయండి.

సమస్య: గొంతు మండుతోంది, థిన్నర్ వాసన

మొదటి మూడు రోజులు వేడెక్కిపోయింది. గట్టి వోర్ట్ పులిసేటప్పుడు గది కంటే నాలుగైదు డిగ్రీలు వేడిగా ఉండొచ్చు. ఇది వచ్చాక పెద్దగా పోదు. ఈసారి 18 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, జోరు తగ్గాకే పెంచండి.

సమస్య: సీసాలో గ్యాస్ పట్టలేదు

నెలల తరబడి ఆల్కహాల్‌లో నానిన ఈస్టుకు ఓపిక ఉండదు. సీసాల్లో నింపే రోజున చక్కెరతో పాటు ఆల్కహాల్‌ని తట్టుకునే పొడి ఈస్టు 2 గ్రాములు కలపండి. గ్రావిటీ చివరికి వచ్చిందని గ్లాసు పరీక్షతో తేల్చుకున్నాకే సీసాలు కట్టండి. చక్కెర మిగిలి ఉండగా కొత్త ఈస్టు పడితే సీసాలు పేలతాయి.